ఒక్క ముక్క పోతే ఫైల్ మొత్తం పోయేది! యూజ్‌నెట్ జిప్ ఫైళ్ల కథ

ఫోన్‌కి జిప్ ఫైల్ వస్తే ఏం చేస్తాం? ఒక్కసారి నొక్కుతాం, తెరుచుకుంటుంది. అంతే కదా! ఇదే పనికి ఒకప్పుడు నేను రెండు రోజులు ఎదురుచూశాను. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

1979లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ విద్యార్థులు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్‌లకు యూజ్‌నెట్ ఆలోచన వచ్చింది. ఒక కంప్యూటర్ ఇంకో కంప్యూటర్‌కి ఫోన్ చేసి కొత్త మెసేజ్‌లు అందించేది. అది మరోదానికి. ఒక్కో టాపిక్‌కి ఒక్కో న్యూస్‌గ్రూప్.

చిక్కేంటంటే, అందులో వెళ్లేవి అక్షరాలే. ప్రోగ్రామ్ ఫైల్‌ని అలాగే పంపితే దారిలో పాడైపోయేది. దానికి 1980లో బర్క్‌లీలో మేరీ ఆన్ హోర్టన్ చేసిన ఉపాయమే యుయుఎన్‌కోడ్.

లెక్క సింపుల్. 3 బైట్లు అంటే 24 బిట్లు. వాటిని 6 చొప్పున 4 భాగాలు చేస్తే, ఒక్కో భాగం 0 నుంచి 63 లోపు ఒక నంబర్. దానికి 32 కలిపితే టైప్ చేయగలిగే అక్షరమో, గుర్తో వస్తుంది. నిండు లైన్‌లో 45 బైట్లు. ఆ 45ని కూడా అక్షరంగా మార్చి లైన్ ముందు పెడతారు. 45కి 32 కలిపితే 77, అంటే ఇంగ్లిష్ 'ఎం'. అందుకే ఆ మెసేజ్ తెరిస్తే లైన్ లైనూ 'ఎం'తో మొదలయ్యే పిచ్చి రాతలా ఉండేది!

ఇలా మారిస్తే సైజు మూడో వంతుకు పైగా పెరుగుతుంది. అందుకే ముందే జిప్ చేసి కుదించేవాళ్లు. అయినా ఒక మెసేజ్‌లో పట్టకపోతే ముక్కలు చేసి నంబర్లు వేసేవాళ్లు. మనం వాటిని వరసగా అతికించి, పైనున్న హెడర్లు తీసేసి, యుయుడీకోడ్ నడపాలి. అది 'బిగిన్' లైన్ నుంచి 'ఎండ్' దాకా చదివి జిప్ ఫైల్ ఇస్తుంది. తర్వాత అన్‌జిప్.

డిగ్రీ రోజుల్లో నేను నెట్ సెంటర్‌లో గంట లెక్కన డబ్బులు కట్టి ఇలాంటి 7 ముక్కలకు కూర్చున్నాను. ఆరే దొరికాయి. ఐదోది లేదు. ఉన్నవాటితో ప్రయత్నిస్తే జిప్ ఎర్రర్! జేబు ఖాళీ, చేతికి ఏమీ రాలేదు. "ఐదోది మళ్లీ పెట్టండి ప్లీజ్" అని రాశాను. రెండు రోజులకు ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి పెట్టారు. ఆయన పేరు కూడా నాకు తెలీదు.

తర్వాత పార్ ఫైళ్లు వచ్చాయి. కొన్ని అదనపు ముక్కలు ఉంటే చాలు, పోయిన ముక్కను లెక్కతోనే తిరిగి కట్టేస్తాయి. 2001లో వచ్చిన వైఎన్‌క్ సైజు భారం బాగా తగ్గించింది.

పాత కథే అనుకుంటున్నారా? ఈరోజు మీరు మెయిల్‌లో ఫొటో అటాచ్ చేస్తే, సాధారణంగా అది బేస్64గా మారి వెళ్తుంది. అదే ఉపాయం: 3 బైట్లు, 4 అక్షరాలు! కాకపోతే ఇప్పుడు అతికించే పని ఫోన్ చేస్తుంది, మనకు కనిపించదు. అప్పుడు ఆ పని మనుషులు ఒకరికొకరు చేసిపెట్టేవాళ్లు.

మీకూ ఎవరైనా తెలియనివాళ్లు ఆన్‌లైన్‌లో ఇలా సాయం చేశారా? కామెంట్‌లో చెప్పండి. మళ్లీ కలుద్దాం!