చేతికి ఎదురుతన్నే యంత్రం

వర్చువల్ రియాలిటీలో లేని వస్తువును చేతికి తగిలినట్టు అనిపింపజేసే గ్లౌజులకు మూలపురుషుడు, ముట్టుకోకూడని వస్తువుల మధ్య పనిచేసిన ఇంజనీరు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలోని ఆర్గాన్ జాతీయ ప్రయోగశాలలో రేడియోధార్మిక పదార్థాలను మందపాటి గోడ అవతల ఉంచి పనిచేయాల్సి వచ్చేది. అందుకోసం రేమండ్ గోయెర్ట్జ్ జంట మరచేతులు తయారుచేశాడు. ఇవతల మనిషి ఒకదాన్ని కదిపితే అవతలిది అలాగే కదిలేది. మొదట్లో రెంటినీ కలిపినవి లోహపు పట్టీలు, తీగలే కాబట్టి అవతల తగిలిన తాకిడి ఇవతలి చేతికి నేరుగా అందేది. 1954 నాటికి ఆయన మోటార్లతో నడిచే రకం చేశాడు. ఈ చరిత్రకు అసలు మలుపు ఇదే. బలాన్ని మోటారే పుట్టిస్తున్నప్పుడు, అవతల నిజమైన వస్తువు ఉండాల్సిన పనేముంది?

ఆ అవకాశాన్ని అందిపుచ్చుకున్నవాడు నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలోని ఫ్రెడ్ బ్రూక్స్. కంప్యూటర్‌తో స్పర్శను పుట్టించేందుకు 1967లో గ్రోప్ ప్రాజెక్టు మొదలుపెట్టి, తర్వాత ఆర్గాన్ మరచేతినే తెచ్చి కంప్యూటర్‌కు తగిలించాడు. అవతలి చెయ్యి తెరమీది బొమ్మ అయింది. కానీ స్పర్శ ఆకలి పెద్దది. కంటికి సెకనుకు 30 బొమ్మలు చాలు. గట్టి వస్తువు గట్టిగానే తగలాలంటే బలాన్ని సెకనుకు సుమారు 1000 సార్లు లెక్కగట్టాలి, లేకపోతే అది వేలి కింద వణుకుతుంది. ఆనాటి యంత్రాల వేగం చాలక, బల్లమీద పిల్లల దిమ్మెలు కదిపే దశలోనే పని ఏళ్ల తరబడి ఆగింది. 1990 వచ్చేసరికి అదే మరచేత్తో శాస్త్రజ్ఞులు మందు అణువును ప్రోటీన్ గూటిలో అమర్చి చూశారు. ఎక్కడ ఇముడుతుందో, ఎక్కడ వెనక్కి నెడుతుందో చేతికే తెలిసింది. ఒట్టి బొమ్మ చూసి చేసేదానికన్నా స్పర్శ తోడైతే పని దాదాపు రెండింతలు మెరుగని బ్రూక్స్ బృందం తేల్చింది. అంత ఓపికగా కాచుకున్న పరిశోధనలు అరుదు.

గ్లౌజుల కథ వేరే దారిలో నడిచింది. థామస్ జిమ్మర్‌మన్, జరోన్ లానియర్‌ల డేటాగ్లోవ్, 1989లో పిల్లల ఆటలకు వచ్చిన పవర్ గ్లోవ్ వేళ్ల వంపును కంప్యూటర్‌కు చెప్పేవి, వస్తువు గట్టితనాన్ని మాత్రం వేళ్లకు చెప్పేవి కావు.

ఆ లోటు తీర్చడానికి రట్గర్స్ విశ్వవిద్యాలయంలో గ్రిగోర్ బుర్డియా అరచేతికీ వేళ్ల కొసలకూ మధ్య చిన్న గాలి పిస్టన్లు పెట్టాడు. పిడికిలి బిగిస్తుంటే అవి అడ్డుకునేవి. తర్వాత వచ్చిన సైబర్‌గ్రాస్ప్ చేతి వెనక బిగించిన చట్రంలోంచి తీగలతో వేళ్లను వెనక్కి లాగేది.

అయితే ఆర్గాన్ చెయ్యి గదికి బిగించి ఉండేది. గ్లౌజుకు ఆనుకోవడానికి మనిషి చెయ్యే దిక్కు. అందుకే పిడికిలిలోని బంతి ఆకారం తెలుస్తుంది గానీ దాని బరువు కిందికి లాగదు. మెటా సంస్థ 2021లో చూపిన నమూనా గ్లౌజులోనూ గాలితో ఉబ్బే బుల్లి సంచులు వేళ్లను ఒత్తుతాయి. ఎదురుగా గోడ కనిపించినా, చెయ్యి మాత్రం అందులోంచి దూసుకుపోతుంది.