దొర కిటికీకి అడ్డమొచ్చిన ఊరు

ఇంగ్లండు పల్లెటూరు అనగానే క్యాలెండర్ బొమ్మ గుర్తొస్తుంది కదా? తెల్లగోడలు, గడ్డికప్పు, ముందు పచ్చిక. ఆ బొమ్మకు అచ్చంగా సరిపోయే ఊరు డార్సెట్ కౌంటీలో ఉంది. పేరు మిల్టన్ అబ్బాస్. ఒకటే వీధి, రెండు వైపులా ఒకే తీరు ఇళ్ళు. ఆ వీధి ఎందుకు పుట్టిందో ఈసారి రాస్తున్నా.

అక్కడికి దగ్గర్లోనే ఒక పాత క్రైస్తవ మఠం ఉంది. దాన్ని ఆనుకుని ఒకప్పుడు మిడిల్టన్ అనే పట్టణం ఉండేది. వందకు పైగా ఇళ్ళు, సంత, సత్రాలు, 1521లో పెట్టిన బడి. 1752లో జోసెఫ్ డామర్ ఆ మఠం ఎస్టేటు కొన్నాడు. తర్వాత లార్డ్ మిల్టన్ అయ్యాడు. తన భవనం ముంగిట్లో జనం మసలడం ఆయనకు గిట్టలేదు. తోటలు తీర్చిదిద్దడంలో పేరుమోసిన లాన్సెలాట్ బ్రౌన్‌ను పిలిపించాడు. కిటికీ తెరిస్తే పచ్చిక, చెట్లు కనబడాలి. మనిషి కనబడకూడదు.

ఒక్కరోజులో కూల్చలేదు. లీజులు తీరేదాకా కాచుకున్నాడు, కొన్నిటిని కొనేశాడు. ఖాళీ అయిన ఇంటిని అయినట్టే నేలమట్టం చేశాడు. బడిని 1785లో పార్లమెంటు చట్టం తెప్పించి మరీ బ్లాండ్‌ఫోర్డ్‌కు పంపేశాడు. ఊరంతా ప్రార్థనకు వెళ్ళే మఠం చర్చి దొర సొంత చర్చి అయింది. జనానికి 1786లో కొత్త వీధిలో వేరే చర్చి కట్టించాడు. ఈ మాట మనవాళ్ళకు విడమరచి చెప్పక్కర్లేదు.

విలియం హారిసన్ అనే లాయరు మాత్రం కదల్లేదు. చేతిలో లీజు కాగితం ఉంది, చట్టం తెలుసు. మఠం చెరువు తూములెత్తించి ఆయన ఇంటి మీదికి నీళ్ళు వదిలించాడు దొర. హారిసన్ కోర్టుకెక్కి గెలిచాడు. అందుకే ఆయన పేరు మిగిలింది. కాగితం లేని కూలీల పేర్లు నేను చదివిన ఏ కథలోనూ లేవు.

కొత్త వీధిలో కట్టినవి సుమారు 36 కాటేజీలు. వంద ఇళ్ళ జనం అందులో ఎలా పడతారు? ఒక్క వీధి తలుపు వెనక రెండు కుటుంబాలను సర్దారు. పట్టనివాళ్ళు వేరే ఊళ్ళు వెతుక్కోవాల్సిందే.

పోలిక తెచ్చేటప్పుడు జాగ్రత్త. వీళ్ళు అంటరానివాళ్ళు కారు. ఇంకో ఊరికి పోయినవాడిని అక్కడ కులం అడిగేవాడు లేడు. మన వాడల కథ వేరు. అయినా ఒకటి అడగాలనిపిస్తుంది. ఆ కాటేజీల గోడలు గడ్డి కలిపి తొక్కిన మట్టి. కప్పు కూడా గడ్డే. ఇవాళ వాటికి చట్టం రక్షణ ఉంది, ఒక కిటికీ మార్చాలన్నా అనుమతి కావాలి. అదే మట్టిగోడ, తాటాకు కప్పు మన పేటలో ఉంటే సర్వే కాగితంలో ‘కచ్చా ఇల్లు’ అని ఒక టిక్కు.

అన్నట్టు, ఊరి బడిని వెళ్ళగొట్టిన ఆ దొర భవనంలోనే 1954లో ఫీజులు కట్టి చదివే బోర్డింగ్ స్కూలు పెట్టారు.