తీసెయ్యాల్సింది ఏది?

మాది తంగళ్ళపల్లి. మానేరు దాటితే సిరిసిల్ల. మధ్యాహ్నం పూట మా వాడకట్టు ఆడవాళ్ళు చాటలు ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతుంటే, గోడకు ఆనించిన ఫోనులో గంగవ్వ మాట్లాడుతుంటుంది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో 2012లో మొదలైన 'మై విలేజ్ షో' ఆమెను లోకానికి చూపించింది. కూలి చేసి, బీడీలు చుట్టి బతికిన మనిషి. "మన తీర్గనే మాట్లాడుతది గదక్కా" అంటుంది పక్కింటి చెల్లె.

అదే వాడలో కొన్నేళ్ళ కింద ఒక పిల్లకు తెలియకుండా తీసిన వీడియో ఫోను నుంచి ఫోనుకు పాకింది. పెద్దమనుషులు కూర్చున్నారు. వీడియో ఆగలేదు. పిల్ల చేతిలో ఫోను గుంజుకున్నారు, కాలేజీ మాన్పించారు. ఆరోజు నేనూ నోరు మెదపలేదు.

ఆడదాన్ని మూల కూర్చోబెట్టి పరువు కాపాడామనుకోవడం మనకు కొత్త కాదు. 18వ శతాబ్దంలో ముద్దుపళని రాసిన 'రాధికా సాంత్వనము'ను బెంగుళూరు నాగరత్నమ్మ పరిష్కరించి 1910లో అచ్చు వేయించింది. శృంగారం రాయడంలో సిగ్గు ఆడవాళ్ళకేనా, మగవాళ్ళకు వద్దా అని అడిగింది. అశ్లీలమని 1911లో ప్రతులు జప్తు చేశారు. ప్రకాశం పంతులు మద్రాసు ప్రధానిగా ఉన్న కాలంలో గానీ నిషేధం తొలగలేదు.

పుస్తకం పోయి వీడియో వచ్చింది. 2015 ఫిబ్రవరిలో హైదరాబాదు 'ప్రజ్వల' సంస్థకు చెందిన సునీతా కృష్ణన్ సుప్రీంకోర్టుకు ఉత్తరం రాసింది. అత్యాచారాలను చిత్రీకరించి వాట్సాప్‌లో పంచుకుంటున్నారని. కోర్టు తనంతట తానుగా కేసు చేపట్టి గూగుల్, ఫేస్‌బుక్ వంటి కంపెనీలను పిలిచింది. అదే ఏడాది మార్చి 24న జస్టిస్ చలమేశ్వర్, జస్టిస్ నారిమన్ ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ను కొట్టేశారు. 2013లో పౌరహక్కుల న్యాయవాది జయా వింధ్యాలను ఒక ఫేస్‌బుక్ రాతకు అరెస్టు చేసింది ఆ సెక్షన్ కిందే. ఎవరో ఫిర్యాదు చేశారని కంపెనీలు దేన్నీ తొలగించనక్కర్లేదనీ, కోర్టు ఉత్తర్వో ప్రభుత్వ ఆదేశమో ఉండాలనీ ఆ తీర్పు చెప్పింది.

ఒక కేసు తీసెయ్యమని. ఇంకొకటి ఉంచమని. రెండూ స్త్రీలకు అవసరమే. ఆమె ఒప్పుకోని దృశ్యం వేరు, ఆమె నోటి మాట వేరు. 2021 ఐటీ నిబంధనలు ఈ తేడాను కొంత గుర్తించాయి. బాధితురాలు ఫిర్యాదు చేస్తే అలాంటి దృశ్యాలను 24 గంటల్లో తొలగించాలన్నాయి. కోర్టు మెట్లు ఎక్కనక్కర్లేదు, ఆమె చెబితే చాలు.

అధికారానికి మాత్రం ఈ తేడా పట్టదు. 2025 మార్చి 12న హైదరాబాదులో పొగడదండ రేవతి, తన్వీ యాదవ్ అనే ఇద్దరు మహిళా జర్నలిస్టులను అరెస్టు చేశారు. ఒక పెద్దాయన ముఖ్యమంత్రిని తిడుతూ మాట్లాడిన వీడియోను ప్రసారం చేశారని. అయిదు రోజుల తర్వాత బెయిలు వచ్చింది. మాట నచ్చకపోతే జవాబు చెప్పొచ్చు, కేసు ఎందుకు? అదే ఆడవాళ్ళ ఒంటిని అంగట్లో పెట్టే వీడియోల మీద ఇంత చురుకు ఎప్పుడైనా చూశామా?

మొన్న ఆ పిల్ల పుట్టింటికి వచ్చింది. ఇన్నేళ్ళకు అడిగాను, అప్పుడు నీకేం కావాలనిపించిందని.

"వీడియో తీసెయ్యాల్నని ఉండె. ఫోను నా చేతులనే ఉండాల్నని ఉండె. ఎవరన్న అడిగిన్రా అక్కా?"