రెండు మంటలు, ఒక క్షమ

"మీ ఇంట్లోవాళ్ళకే జరిగితే అప్పుడు తెలుస్తుంది!"

ఉరిశిక్ష వద్దు అన్న ప్రతివాడికీ ఎప్పుడో ఒకప్పుడు తగిలే మాట ఇది. 2019 డిసెంబర్ 6న దిశ కేసు నిందితులు నలుగురినీ పోలీసులు కాల్చి చంపినప్పుడు మా ఆఫీసులో స్వీట్లు పంచారు. నాకొద్దన్నాను. వెంటనే ఈ మాటే వచ్చింది. (అక్కడ ఉరి కూడా కాదు, అసలు విచారణే జరగలేదు. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ 2022లో తేల్చింది. అదో పెద్ద కథ, ఇంకోసారి.)

ప్రశ్న న్యాయమైనదే. కాకపోతే అడిగేవాళ్ళెవరూ జవాబు కోసం ఆగరు. నిజంగా ఇంట్లోవాళ్ళకే జరిగినవాళ్ళు ఏమన్నారో చూద్దామని చరిత్ర తిరగేస్తే నాకు రెండు మంటలు కనిపించాయి. ఒకటి మన రాష్ట్రంలో, ఇంకోటి మా ఉక్కునగరానికి పైన, పక్కనున్న ఒడిశాలో.

మొదటిది 1993 మార్చి 8. హైదరాబాదు నుంచి చిలకలూరిపేట వెళ్తున్న ఆర్టీసీ బస్సు. దోచుకుందామని ఎక్కిన ఇద్దరు కుర్రాళ్ళు పెట్రోలు చల్లి నిప్పంటించారు. 23 మంది కాలిపోయారు. చలపతిరావు, విజయవర్ధనరావు అనే ఆ ఇద్దరికీ 1995లో గుంటూరు సెషన్స్ కోర్టు ఉరి వేసింది, 1996లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. 1997 మార్చి 29న రాజమండ్రి జైల్లో ఉరి అని ముహూర్తం కూడా పెట్టేశారు. చివరి ఘడియల్లో ఆగింది. వాళ్ళు పేద దళిత యువకులనీ, దొంగతనానికే వెళ్ళారు గానీ చంపడానికి కాదనీ పౌరహక్కులవాళ్ళు వాదించారు. మహాశ్వేతాదేవి లాంటి రచయితలు గొంతు కలిపారు. 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ ఉరిని యావజ్జీవంగా మార్చారు.

ఆ నిర్ణయం సరైనదనే నేను నమ్ముతాను. కానీ ఒప్పుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఆ ఇద్దరి పేర్లు మనకి తెలుసు, పోయిన 23 మంది పేర్లు ఉరి వద్దనే మనలో ఎంతమందికి తెలుసు? "మీ ఇంట్లోవాళ్ళకే జరిగితే" అనే ప్రశ్నకి బలం వచ్చేది సరిగ్గా అక్కడే.

ఇక రెండో మంట. 1999 జనవరి 22 అర్ధరాత్రి దాటాక, కియోంఝర్ జిల్లా మనోహర్‌పూర్ గ్రామం. గ్రాహం స్టెయిన్స్ ఆస్ట్రేలియా నుంచి 1965లో వచ్చి బారిపదలో కుష్ఠురోగులకి సేవ చేస్తున్న మనిషి. పదేళ్ళ ఫిలిప్, ఆరేళ్ళ తిమోతి అనే ఇద్దరు కొడుకులతో బండిలో పడుకుని ఉండగా ఒక గుంపు వచ్చి తగలబెట్టింది. ముగ్గురూ పోయారు. అప్పటికి నేను పసివాణ్ణి, ఇదంతా తర్వాతెప్పుడో చదివి తెలుసుకున్నదే.

ఆయన భార్య గ్లాడిస్ ఆ హంతకుల్ని క్షమించానని చెప్పింది. చెప్పి ఊరుకోలేదు. కూతురితో కలిసి 2004 దాకా అక్కడే ఉండి రోగుల్ని చూసుకుంది.

ఇక్కడ చాలామంది క్రైస్తవ ప్రసంగీకులు దాటేసే విషయం ఒకటుంది. క్షమించడం వేరు, నేరానికి ఫలితం వేరు, రెండింటినీ కలపొద్దని కూడా ఆవిడే చెప్పింది. 2003లో దారాసింగ్‌కి పడిన ఉరిశిక్షని 2005లో ఒడిశా హైకోర్టు యావజ్జీవానికి తగ్గించిందీ, 2011లో సుప్రీంకోర్టు దాన్నే నిలబెట్టిందీ చట్టం లెక్కల ప్రకారమే. ఆవిడ క్షమించింది కాబట్టి కాదు. మరి ఆ క్షమ వల్ల ఒరిగిందేంటి? నాకు తోచింది చెప్తా. "మేం ఉరి వేసేది బాధితుల కోసమే" అని చెప్పుకునే హక్కు, కనీసం ఆ ఒక్క కేసులో, రాజ్యానికి లేకుండా పోయింది.

ఇది కొత్త సంగతి కూడా కాదండోయ్. సుమారు 412లో ఉత్తర ఆఫ్రికాలో చర్చి చీలికల గొడవల్లో అవతలి వర్గంవాళ్ళు అగస్టీన్ పక్షంవాళ్ళలో ఒక ప్రీస్టుని చంపారు, ఇంకో ప్రీస్టు కన్ను పీకి వేలు నరికారు. అప్పుడు అగస్టీన్ రోమన్ అధికారి మార్సెల్లినస్‌కి ఉత్తరం రాశాడు. దోషుల్ని చంపొద్దు, వాళ్ళు చేసినట్టే వాళ్ళ అవయవాలు తీయొద్దు అని! దెబ్బ తిన్నది తనవాళ్ళే అయినా అడిగింది శత్రువు ప్రాణం.

అలాగని చర్చి చరిత్రంతా కరుణే అనుకుంటే పప్పులో కాలేసినట్టే. రోము పోపుల పాలనలో ఉన్న రోజుల్లో బుగాట్టి అనే తలారి 1796 నుంచి 1864 దాకా 500 మందికి పైగా ప్రాణాలు తీశాడు. వాటికన్ చట్టంలో మరణశిక్ష 1969 దాకా ఉంది. 1995లో రెండో జాన్ పాల్ దీని అవసరం దాదాపు లేనట్టేనన్నాడు. పూర్తిగా కూడదని క్యాథలిక్ ధర్మబోధలో మార్పు వచ్చింది 2018లో, పోప్ ఫ్రాన్సిస్ కాలంలో. అమెరికాలో సదరన్ బాప్టిస్టులైతే 2000లో మరణశిక్షని సమర్థిస్తూ తీర్మానమే చేశారు. ఒకే బైబిలు! వీళ్ళు రోమా పత్రిక 13వ అధ్యాయం చూపిస్తారు, వాళ్ళు యోహాను సువార్త 8వ అధ్యాయం చూపిస్తారు. తమ్ముణ్ణి చంపిన కయీనుని ఎవరూ చంపకుండా దేవుడే గుర్తు వేశాడన్న ఆదికాండం కథ ఇద్దరి దగ్గరా ఉంది.

గమనిస్తే, కత్తి చేతిలో ఉన్నప్పుడు చర్చి కూడా రాజ్యంలాగే మాట్లాడింది. వద్దన్న మాటకి బరువు వచ్చింది పోగొట్టుకున్నవాళ్ళ నోట వచ్చినప్పుడే.

మతం సంగతి పక్కన పెట్టినా తప్పుల సంగతి ఉండనే ఉంది. 13 మందికి పొరపాటు తీర్పుల ఆధారంగా ఉరి వేశారని 2012లో 14 మంది మాజీ జడ్జీలు రాష్ట్రపతికి రాశారు. అలాంటి తీర్పుల మీదే మరో ఇద్దరిని అప్పటికే ఉరి తీసేశారు. మా పనిలో డేటాబేసులో ఒక్క వరస డిలీట్ చేయాలన్నా ముందు బ్యాకప్ ఉందా అని చూస్తాం. మనిషికి బ్యాకప్ ఎక్కడిది?

గ్లాడిస్‌లా అందరూ క్షమించాలని నేననను. ఆ 23 కుటుంబాలని అలా అడిగే హక్కు నాకు లేదు, ఎవరికీ లేదు. కోపం వాళ్ళ హక్కు. కానీ ఆ కోపాన్ని అరువు తెచ్చుకుని, వాళ్ళ పేరు మీద, వాళ్ళు అడిగారో లేదో కూడా చూడకుండా స్వీట్లు పంచుకునే హక్కు మనకి ఎవరిచ్చారు?