దింపు లెక్క

ఏడో తరగతి కామన్ పరీక్షలో లెక్కలు తప్పి, మా బెంచీ మిత్రుడొకడు బడి మానేశాడు. కొబ్బరి దింపు రోజున వెయ్యి కాయల ధర చెబితే చాలు, రాశికి పైకమెంతో కాగితం లేకుండా చెప్పేవాడు. అదే లెక్క పుస్తకంలో అనులోమానుపాతమై కనిపించేసరికి తెల్లమొహం వేశాడు. నాకు మంచి మార్కులొచ్చాయి; అర్థమై కాదు, గైడు బట్టీపట్టి.

సామర్థ్యాల ఆధారిత విద్య, విద్యార్థి కేంద్రిత బోధన అనే మాటలు 2020 జాతీయ విద్యావిధానంతో వచ్చాయనుకుంటాం. నిజానికి 1980ల మధ్యలోనే, బ్రిటన్ సాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం కొన్ని జిల్లాల్లో మొదలైంది. 1989 నుంచి అప్పటి 23 జిల్లాలకూ విస్తరించింది. దాని ఆరు సూత్రాల్లో చేసి నేర్చుకోవడం, పిల్లల మధ్య తేడాలను గుర్తించడం, ఊరి పరిసరాలను వాడుకోవడం ఉన్నాయి. గోదారి రేవు, పంటు, కొబ్బరితోట ఉన్న సఖినేటిపల్లికి వేరే బోధనోపకరణాలు కొనాలా! 1991లో దేశమంతటికీ కనీస అభ్యసన స్థాయిలు వచ్చాయి. ఏ తరగతి పిల్లలు ఏం చేయగలగాలో అందులో రాశారు.

ఇంజనీరుగా నాకు బాగా నచ్చింది మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ పద్ధతి. చుట్టుపక్కల పల్లెల్లోని ఏకోపాధ్యాయ బడుల కోసం రామ, పద్మనాభరావు దంపతులు పాఠాలను చిన్న మెట్లుగా విడగొట్టి, మెట్టు మెట్టుకీ కార్డులు తయారుచేశారు. ఒకటి వచ్చాకే ఇంకొకటి. జ్వరమొచ్చి వారం రోజులు రాని పిల్ల, ఆగినచోటే మళ్ళీ అందుకుంటుంది. స్లాబు గట్టిపడకుండా పైగోడ లేపం కదా! మా చదువులో మాత్రం జూన్ నుంచి ఏప్రిల్ దాకా లేపుతూనే పోయారు. 2003లో చెన్నై కార్పొరేషన్ బడులు ఈ పద్ధతిని తీసుకున్నాయి. తర్వాత తమిళనాడు అంతటికీ పాకింది.

మన దగ్గర చాలాచోట్ల చార్టులే మిగిలాయి. టీచర్లను అనడం తేలిక. తరగతిలో చేసి చూడమని, పరీక్షలో మాత్రం అప్పజెప్పమంటే ఎవరైనా ఎటు మొగ్గుతారు? ఇంత చెబుతున్న నేనూ మా అబ్బాయిని ర్యాంకుల కాలేజీలోనే వేశాను.

మొన్న నరసాపురం నుంచి పంటు దిగుతుంటే ఆ మిత్రుడు కలిశాడు. వాడి మనవరాలు రెండో తరగతి. ఇంటికెళ్ళి మూడో ఎక్కం చెప్పమన్నాను. చెప్పలేదు. లోపలికెళ్ళి గుప్పెడు చింతగింజలు తెచ్చి, మూడేసి చొప్పున అరుగు మీద పేర్చడం మొదలెట్టింది. వాడు నావైపు చూసి నవ్వాడు.