ఏ ‘ఇక్కడ’?

నేను చదివింది తమిళ మీడియం, తెలుగు అక్షరాలు ఇంట్లో అమ్మ నేర్పించింది. తప్పులుంటే మన్నించాల. ఈ వారం నేను చేసిన తప్పు ఒకటి ఒప్పుకొని, దాని వెనకాల ఉన్న చరిత్ర చెప్తాను.

పోయిన నెల పిల్లల చదువు సహాయం ప్రకటన తయారు చేసింది నేనే. వివరమంతా ఒక రంగుల బొమ్మలో పెట్టి, దాని కింద అయిదు లింకులు ఇచ్చినాను. అయిదింటికీ ఒకటే పేరు: ‘ఇక్కడ నొక్కండి’. మన సభ్యుల్లో చూపు లేని అన్న ఒకరు ఉన్నారు, టెలిఫోన్ ఆపరేటరుగా రిటైరైనారు. మనవరాలి కోసం దరఖాస్తు వెతికినారు. రెండు మూడు లింకులు తెరిస్తే స్కాన్ చేసిన కాగితాలే వచ్చినాయంట. విసిగి వదిలేసినారు. తేదీ దాటినాక నాకు ఫోన్ చేసి, “తమ్ముడా, నా కంప్యూటరు అయిదు తడవలు ‘ఇక్కడ నొక్కండి’ అన్నింది. నాకు కావాల్సింది ఏ ఇక్కడ?” అని అడిగినారు. నా దగ్గర జవాబు లేదు.

ఆయన వాడేది స్క్రీన్ రీడర్. తెర మీది అక్షరాలను గొంతుతో చదివే ప్రోగ్రాము. ఈ పేరు ఐబీఎం కంపెనీ నుంచి వచ్చింది. అక్కడ జిమ్ థాచర్ అనే ఆయన, చూపు లేని తన గురువు, గణిత పండితుడు జెస్సీ రైట్‌తో కలిసి పని చేస్తా, 1980లలో డాస్ కంప్యూటర్లకు ఇలాంటిది చేసినారు. దానికి పెట్టిన పేరే తర్వాత ఈ రకం ప్రోగ్రాములన్నిటికీ పేరైపోయింది. 1989లో టెడ్ హెంటర్ ‘జాస్’ తెచ్చినారు. ఆయన మోటారు సైకిల్ పందేల వీరుడు, 1978లో కారు ప్రమాదంలో చూపు పోగొట్టుకున్నారు.

ఇక వెబ్ సంగతి. టిమ్ బెర్నర్స్-లీ దాన్ని 1991లో లోకానికి విడిచినప్పుడు చాలామంది వాడిన బ్రౌజరులో బొమ్మలూ లేవు, మౌసూ లేదు. లింకు పక్కన ఒక నెంబరు ఉంటుంది, దాన్ని టైపు చేస్తే పేజీ తెరుచుకుంటుంది. నొక్కేదానికి ఏమీ లేదు! ‘ఇక్కడ నొక్కండి’ అనే మాట వెబ్‌తో పుట్టింది కాదని దీన్ని బట్టే తెలుస్తాది. 1993లో మొజాయిక్ బ్రౌజరు వచ్చి, బొమ్మలూ మౌసూ ఇంటింటికీ చేరినాక ఆ మాట పాకింది.

చూపున్నవాళ్ళు పేజీనంతా ఒక్క చూపులో చూస్తారు. చూపు లేనివాళ్ళు ట్యాబ్ మీట నొక్కుతా ఒక లింకు నుంచి ఇంకో లింకుకు దూకుతారు, లేదా లింకులన్నిటినీ విడిగా పట్టికలాగా తెప్పించుకుంటారు. అప్పుడు చుట్టూ ఉన్న మాటలు వినిపించవు, లింకు పేరొక్కటే వినిపిస్తాది. జపాన్‌లో చియెకో అసకావా అనే ఐబీఎం పరిశోధకురాలు, తనకూ చూపు లేదు, 1997లో ‘హోమ్ పేజ్ రీడర్’ తెచ్చినారు. మామూలు మాటలను మగ గొంతు, లింకులను ఆడ గొంతు చదివేది. గొంతు మారిందంటే అది లింకు.

1999 మేలో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ తొలి మార్గదర్శకాలు ఇచ్చింది. ప్రతి లింకూ ఎక్కడికి పోతాదో స్పష్టంగా చెప్పాలనేది అందులో రెండో వరస నియమం. 2008లో వచ్చిన రెండో కూర్పులో దాన్ని తప్పనిసరి మొదటి మెట్టుకు ఎక్కించినారు. లింకు పేరు, దాని వాక్యం కలిపి అర్థమైతే మొదటి మెట్టుకు చాలు. పేరొక్కటితోనే అర్థం కావడం పై మెట్టు. మన దేశంలో ప్రభుత్వ సైట్లకు 2009లో మార్గదర్శకాలు వచ్చినాయి, 2016లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది.

నేను రైల్వే గుమాస్తాని, నాకు అర్థమైన తీరులో చెప్తాను. అరక్కోణం, కాట్పాడి, జోలార్‌పేట బోర్డులు మూడూ తీసేసి, మూడు చోట్లా ‘ఇక్కడ దిగండి’ అని రాస్తే ఎవరు ఏ ఊళ్ళో దిగాల? నేను చేసింది అదే.

ఇప్పుడు ప్రకటన మార్చినాను. ‘చదువు సహాయం దరఖాస్తు’, ‘అర్హత నిబంధనలు’, ఇట్లా లింకుకు దాని పేరే పెట్టినాను. బొమ్మలో ఉన్నదంతా అక్షరాల్లో మళ్ళీ రాసినాను. వాట్సాప్‌లో లింకు పంపేవాళ్ళు దాని ముందర అదేమిటో ఒక వాక్యం రాయండి. లేకుంటే ఆ గొంతు ‘హెచ్ టీ టీ పీ ఎస్’ అంటా మొదలు పెట్టి, అర్థం లేని అక్షరాలే చదువుతాది.

తప్పు నాది, పిల్లది కాదు, ఆ దరఖాస్తు తీసుకోమని కమిటీకి రాసి ఇచ్చినాను. జవాబు ఇంకా రాలేదు. కమిటీ పెద్దలు ఇది చదువుతా ఉంటే దయచేసి తొందరగా తేల్చండి.