చీటీమీది చరిత్ర

ఇందూరు (నిజామాబాదు) సీమ చరిత్ర వ్రాయువారు అశ్మక జనపదముతో మొదలిడి, బోధను శాసనముల మీదుగా శక్కరునగరపు పొగగొట్టముల వరకు వచ్చుట పరిపాటి. రాజులకును, దేవాలయములకును, కర్మాగారమునకును అందు చోటు దొరకినది. ఈ నేలపై ఎగిరిన పక్షికిని, మొలచిన గడ్డికిని దొరకుట అరుదు. అట్టి చరిత్రకు ఆధారములు లేకపోలేదు. అవి తామ్రపత్రముల మీద గాక, ఎన్నడో చనిపోయిన పక్షుల కాళ్లకు దారముతో కట్టిన చిన్న చీటీల మీద ఉన్నవి.

మంజీరపై 1923లో ఆరంభమైన నిజాంసాగర నిర్మాణము నవాబు అలీ నవాజ్ జంగు ఇంజనీరింగు ప్రజ్ఞ వలన 1931లో ముగిసెను. సుమారు 2,75,000 ఎకరములను తడుపుటకు సంకల్పించిన ఆ జలాశయపు కాలువలు పారిన పిదప, మెట్టచేలున్న చోట్ల వరియు చెరకును వచ్చెను. 1937లో బోధనులోని శక్కరునగరమున నిజాం చక్కెర కర్మాగారము వెలసెను. ఒక దశాబ్దము తిరుగునంతలో ఒక సీమ రూపము ఇంతగా మారినపుడు, ఆ సంధికాలమున హైదరాబాదు సంస్థానపు ప్రకృతిని కన్నులార చూచి, చూచినది చూచినట్లు వ్రాసియుంచినవాడు ఒకడుండుట మన భాగ్యము.

ఆయన పక్షిశాస్త్రజ్ఞుడు సలీం అలీ. బెర్లినులో స్ట్రెసెమాన్ పండితుని కడ శిక్షణ పొంది 1930లో మరలివచ్చిన ఆ యువకునికి ఉద్యోగము దొరకలేదు. జీతమక్కరలేదు, బసకును ప్రయాణమునకును అగు వ్యయము భరించిన చాలునని ఆయన ముందుకు వచ్చెను. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘము పక్షమున, 1931-32లో హైదరాబాదు సంస్థానపు పక్షి సర్వే అట్లు జరిగెను. దాని ఫలితములు పక్షిశాస్త్రజ్ఞుడు హ్యూ విస్లరు వ్యాఖ్యలతో 1933-34లో సంఘపు పత్రికలో వెలువడెను.

సర్వేకై పక్షులను సేకరించు ఈ విద్యలో తుపాకి పేల్చుట స్వల్పభాగము. అసలు పని డేరాలో మొదలగును. కన్నుల, ముక్కు, కాళ్ల రంగులు ప్రాణము పోయిన కొలదిసేపటికే వెలిసిపోవును గనుక వాటిని వెంటనే వ్రాసికొనవలెను. పిదప చర్మమును ఒలిచి, లోవైపున పాషాణము కలిపిన సబ్బు పూసి, దూది కూరి, కుట్టి, రెక్కలు సరిదిద్ది ఆరబెట్టవలెను. ఆడదో మగదో ఈకలనుబట్టి ఊహింపక, లోపలి అవయవములను చూచి నిర్ణయింపవలెను. ఊరు, తేది, లింగము, సేకర్త వరుస సంఖ్య చీటీకెక్కును. అది ఏ చెట్టుమీద నుండెనో, ఏమి తినుచుండెనో నోటుపుస్తకములో చేరును. చర్మమును పుస్తకముతో ముడివేయునది ఆ సంఖ్యయే. చీటీ ఊడిన చర్మము ఎంత అందముగా నున్నను శాస్త్రమునకు కొరగాదు.

సేకరించినవి బీరువాల కెక్కినంతనే పని ముగియదు. పక్షిశాస్త్రజ్ఞుడు హుమయూన్ అబ్దులాలీ బొంబాయి సంఘపు పక్షులను జాతివారీగా పరిశీలించి, 1968 మొదలుకొని ఏండ్ల తరబడి ఆ పట్టికను భాగములుగా ప్రకటించెను. అడవులు తిరిగినవానికి కీర్తి దక్కుట న్యాయమే. కాని అరలు తెరచి, మాసిన అక్షరములను చదివి, పాత ఊరి పేర్లను సరిచూచి వరుసలో నిలిపినవాని శ్రమ దానికి ఏమాత్రమును తీసిపోదని నా నిశ్చితాభిప్రాయము. ఆ పట్టిక లేనిచో అంతటి సేకరణయు తాళము పోయిన భోషాణమే.

నిజామాబాదు తిలక్ ఉద్యానములోని ప్రదర్శనశాల మన శిల్పములను భద్రపరచుచున్నది. చక్కెర కర్మాగారమో 2015లో మూతపడినది; దానితోబాటు ఆ కాలపు వ్రాతలును చెదరిపోరాదు. చెరకు తోటలు, వాన, పురుగు, పంట వీనినిగూర్చి వ్రాసిన పాతపుస్తకము ఏ ఇంటి అటకమీదనైన నున్నచో దానిని పాతకాగితముల క్రింద తూచి అమ్మక, పైన ఊరు, సంవత్సరము వ్రాసి, ఒక గ్రంథాలయమునకు అప్పగింపవలెను. మన కళాశాలలలో జంతుశాస్త్రము, వృక్షశాస్త్రము బోధించు ఉపాధ్యాయులకు నా విన్నపమిది: విద్యార్థులను మంజీర ఒడ్డునకు తీసికొనిపోయి, చూచిన ప్రతి పక్షి పేరు ప్రక్కన స్థలమును, తేదిని తప్పక వ్రాయింపుడు, ఆ పుస్తకములను సంవత్సరాంతమున పారవేయకుడు.